పన్నెండో ఇంటి కాళ్ళు

కార్తీక శుద్ధ దశమి

వాయుగుండం దాటిపోయి రెండు రోజులైంది. ఇవాళ పాటు తీసి నీళ్ళు తగ్గిన వేళ దిగి పద్దెనిమిది ఇళ్ళ కాళ్ళూ కొలిచాను. ఒకటో ఇల్లు మూడంగుళాలు ఒరిగింది. రెండోది మూడున్నర. మూడోది మూడు. చివరిదాకా ఇదే వరస. పెట్టె చెప్పింది ఒకటిన్నర. ఒక్క ఇల్లు కూడా ఒకటిన్నర దగ్గర ఆగలేదు.

ఈ పుస్తకంలో కొలతలు తప్ప సొంత మాటలు రాయకూడదని నియమం. నియమం పెట్టినవాళ్ళు మెట్ట మీద పొడిగా కూర్చున్నారు, చదవడానికి ఇక్కడిదాకా రారు. కాబట్టి రాస్తాను. నా పేరు కొక్కిలిగడ్డ నాంచారమ్మ. వయసు యాభై ఎనిమిది. మిట్టలంకలో కాళ్ళు కొలిచే మనిషిని.

పేరు విని మిట్టనీ లంకనీ వెతక్కండి. రెండూ మా అమ్మమ్మ చిన్నప్పుడే నీళ్ళలో పోయాయి. ఇప్పుడున్నవల్లా ఇసకలోకి దిగ్గొట్టిన ఉక్కు గొట్టాలు, ఇంటికి ఆరు చొప్పున. వాటి మీద ఇళ్ళు, ఇళ్ళ మధ్య చెక్క వంతెనలు. ఆ గొట్టాలని మెట్టవాళ్ళు పైళ్ళంటారు, మేం కాళ్ళంటాం. బరువు మోయడం వాటికో లెక్క కాదు. పక్కనుంచి అల తోసినప్పుడే వాటి సంగతి తేలేది.

పెట్టె అంటే వంతెన మలుపులో రేకు గదిలో ఉండే అంచనా పెట్టె. ఏటా వేసవిలో కొన్ని ఇళ్ళ కాళ్ళకి గొలుసు వేసి, చైన్ కప్పీతో ఐదు టన్నుల బలంతో పక్కకి లాగుతాం. ఎన్ని అంగుళాలు వంగాయో కొలిచి నేను పెట్టెలో వేస్తాను. ఆ వంపుని బట్టి కింద ఇసక ఎంత బిగువుగా ఉందో అది ఊహిస్తుంది. తర్వాత ఇంత గాలి, ఇంత ఎత్తు అల అని చెబితే కాళ్ళు ఎంత ఒరుగుతాయో, ఏ ఇల్లు నిలుస్తుందో, ఏది పోతుందో చెబుతుంది. పాతికేళ్ళుగా ఊరంతా దాని మాట నమ్ముకునే నిద్రపోతోంది.

కొలవడం అయ్యాక ఏడో ఇంటికి వెళ్ళాను. అది మా చెల్లెలు వరాలు ఇల్లు. దాని కూతురు జలజకి ఆరు నెలల కింద ఆడపిల్ల పుట్టింది. అల్లుడు నడిసముద్రం వేటకి పోయాడు, ఉగాదికి గాని రాడు.

"ఎంత ఒరిగిందే అక్కా మా ఇల్లు?" అంది వరాలు.

"ఊరందరిదీ ఎంతో నీదీ అంతే."

"నీ మొహం చూత్తే అట్టా లేదే."

"నా మొహం పుట్టినప్పట్నించీ ఇంతే" అన్నాను. పిల్ల ఉయ్యాల్లోంచి నన్ను చూసి నవ్వింది. ఇంకా పేరు పెట్టలేదు. మూడు పేర్ల మీద తల్లీకూతుళ్ళు కొట్టుకుంటున్నారు.

కార్తీక శుద్ధ ద్వాదశి

మొదటి అనుమానం కాళ్ళ చుట్టూ ఇసక కొట్టుకుపోయిందేమోనని. నిన్నా ఇవాళా పొడుగు ఊచ పట్టుకుని నూట ఎనిమిది కాళ్ళ మొదళ్ళూ పొడిచి చూశాను. గుంటలు పోయినేటి కంటే లోతుగా లేవు. రెండో అనుమానం నా కొలత మీద. గుండు వేలాడదీసి మళ్ళీ కొలిచాను. అవే అంకెలు.

ఇంకో సంగతి. గాలి తగ్గాక కాళ్ళు కనీసం అంగుళం వెనక్కి రావాలి. పెట్టె అలాగే చెప్పింది. పావంగుళం కూడా రాలేదు.

ఎందుకు రాదో నాకు బాగా తెలుసు. బియ్యం డబ్బాలో గరిటె గుచ్చి అటూ ఇటూ కదిపితే, గరిటె కదిలిన జాగాలోకి బియ్యం జారి నిండుకుంటుంది. గరిటె ఇక మొదటి చోటికి రాదు. ఇసక కూడా అంతే. ఒక్కో అలకి కాలు రవ్వంత పక్కకి పోతుంది, దాని వెనక ఇసక జారుతుంది. ఇసక బిగువుగా ఉంటే ఇది నెమ్మదిగా జరుగుతుంది, వదులుగా ఉంటే గబగబా జరిగిపోతుంది. మాది బిగువైన ఇసక అని పెట్టె పాతికేళ్ళుగా చెబుతోంది. మరి బిగువు ఇసక ఇలా ఎందుకు ప్రవర్తించిందో దాన్నే అడిగితే, మళ్ళీ అదే ఒకటిన్నర చూపించింది. ఒక్క తన్ను తన్నాలనిపించింది.

కార్తీక పౌర్ణమి

పందొమ్మిదో ఇల్లని ఒకటుంది. ఇల్లు లేదు, కాళ్ళు మాత్రమే ఉన్నాయి. ఎవరో కుటుంబం వస్తుందని ఐదేళ్ళ కింద దింపారు, వాళ్ళు రాలేదు. మనుషులు లేరు కాబట్టి వాటిని ఎప్పుడూ లాగి చూడలేదు. ఇవాళ నలుగురు మనుషుల్ని పిలిచి వాటికి గొలుసు వేయించాను. లాగకముందు పెట్టెని అడిగితే మూడంగుళాలు వంగుతాయంది.

ఐదుంపావు వంగాయి. ఇంకో రెండు కాళ్ళకి మార్చి లాగించాను. ఐదు.

కప్పీ విప్పి వాళ్ళు వెళ్ళిపోయాక అక్కడే వంతెన మీద కూర్చుండిపోయాను. కాసేపటికి అర్థమైంది. ఈ కాళ్ళ మీద ఎవరూ ఉండరు. అందుకని ఎవరికోసమూ వీటికి అంగుళం వదల్లేదు.

అంగుళం వదలడమంటే ఏమిటో రాయాలి. లాగినప్పుడు నాలుగంగుళాలు దాటితే ఆ ఇంటిని విప్పేయాలి, ఇంట్లోవాళ్ళని మెట్ట శిబిరానికి పంపేయాలి. వెళ్ళినవాళ్ళ చోటు ఇంకొకళ్ళకి పోతుంది, తిరిగి రావడమనేది లేదు. పచ్చి బాలింతనీ మంచంలో ఉన్న ముసలమ్మనీ పడవెక్కించి పంపడానికి ఎవరికి చేతులొస్తాయి? అందుకని ఉయ్యాల కట్టిన ఇంటికి ఆ ఏడు ఒక అంగుళం తక్కువ రాస్తాం. మంచాన పడ్డ మనిషి ఉంటే రెండు. నాకు ఈ పని నేర్పిన వీరాస్వామి బాబాయే ఇదీ నేర్పాడు. "మళ్ళీ లాగినప్పుడు కలిపేసుకోవే" అనేవాడు. ఎవరికెంత వదిలాడో ఆయన ఎక్కడా రాయలేదు, అన్నీ బుర్రలోనే. రెండేళ్ళ కింద ఆయన పోయాడు, ఆ బుర్రా పోయింది. మళ్ళీ లాగే వేళకి ఆ ఇంట్లో ఇంకో ఉయ్యాలో ఇంకో మంచమో ఉండేది. కలపడం ఎప్పుడూ పడేది కాదు.

ఈ రెండేళ్ళలో నేను ఐదు ఇళ్ళకి వదిలాను. ఈ వేసవిలో వరాలు ఇంటికి అంగుళమున్నర. సొంత చెల్లెలు, అంగుళంతో మనసొప్పలేదు మరి.

తప్పు చేస్తున్నామని మాలో ఎవరం అనుకోలేదు. ఊరందరికీ తెలిసినా ఎవరూ పైకి అనరు. పాతికేళ్ళ జాలి అంతా పెట్టెలోకి పోయి గట్టి ఇసకగా పేరుకుంది. సముద్రం కింద ఉన్నది మాత్రం వదులు ఇసక.

కార్తీక బహుళ విదియ

ఊరి పెద్ద ఏడుకొండలుగారికి చెప్పాను. వరస కలుపుకుని బావగారూ అంటాను. ఇరవయ్యేళ్ళుగా ఊరి బరువు మోస్తున్న మనిషి. విన్నంతసేపూ తల పంకిస్తూనే ఉన్నారు.

"ఎవురెవురికి వదిలారు?"

"నేను వదిలినవి ఐదు. బాబాయివి తెలవదు."

"అయితే అన్నీ మళ్ళా లాగు."

"ఉన్నది ఒక్క కప్పీ బావగారూ. ఇంటికి రెండ్రోజులు పడుద్ది. రేడియో విన్నారా? అండమాన్ దగ్గర ఇంకోటి పుట్టిందంట."

ఆయన గెడ్డం గోక్కున్నారు. "ఎన్ని లాగగలవు?"

"మూడు, మహా అయితే నాలుగు. మిగతావాటికి ఒకటే దారి. ఆ ఇంటిని లాగిన ఏడు అక్కడ ఉయ్యాల ఉందా, మంచం ఉందా అని అడిగి రాసుకోవాలి. ఉయ్యాలకి ఒకటి, మంచానికి రెండు. బాబాయి కొలత ఎప్పుడూ మారలా. అవి కలిపి పెట్టెలో వేత్తే అసలు ఇసక బయటపడుద్ది."

"నిజం చెబితే మెట్టకి తోలేత్తారని జనం భయపడరూ?"

"అది మీరు చెప్పాలి."

వంతెన గంట కొట్టించి అందర్నీ పిలిచారు. నిజం చెప్పినందుకు ఎవర్నీ పంపేది లేదని, తన మాట నమ్మమని చెప్పారు. ఆయన మాటంటే ఊళ్ళో అంత గురి. నాకు ధైర్యం వచ్చింది.

కార్తీక బహుళ పంచమి

ఇల్లిల్లూ తిరుగుతున్నాను. కాళ్ళు కొలవడానికి పోయినదాన్ని పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ అడగడమేమిటో. కొందరు వేళ్ళు లెక్కపెట్టి టకటకా చెబుతున్నారు. కొందరు మొగుడి మొహం చూసి చెబుతున్నారు.

పదిహేనో ఇల్లు సామ్రాజ్యమ్మది. ఇప్పుడు ఒంటరి మనిషి, నోరు మంచిది కాదు, నాలాగే. ఆ ఇంటిని లాగింది ఆరేళ్ళ కింద. నాకు తెలిసి ఆ ఏడు అక్కడ ఏమీ లేదు. సున్నా రాసుకోబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఒకటి రాయి."

"ఉయ్యాలా? మీ ఇంట్లో ఎప్పుడు కట్టారు?"

"ఇరవై రెండు రోజులు కట్టాం. మగపిల్లోడు. ఊళ్ళో ఎవురికీ చెప్పలా, బతుకుతాడో లేదోనని. మీ బాబాయి లాగటానికొచ్చి ఏడుపు విన్నాడు." నా చెయ్యి వదిలి అంది, "మంచి మడిసి. ఎవురికీ చెప్పలేదన్నమాట."

ఒకటి రాసుకున్నాను. ఆమె ఎండుచేపలు తిరగేయడానికి వెళ్ళిపోయింది. మెట్లు దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది.

కార్తీక బహుళ సప్తమి

ఇవాళ పన్నెండో ఇల్లు. ఊళ్ళో అన్నిటికంటే పెద్దిల్లు, బావగారిది. బాబాయి దాన్ని లాగింది నాలుగేళ్ళ కింద. పుస్తకంలో రెండుంపావు అని ఉంది. అంత తక్కువ ఇంకెవరికీ లేదు.

"ఆ ఏడు ఉయ్యాలా లేదు, మంచమూ లేదు. సున్నా రాసుకో నాంచారమ్మా" అన్నారు బావగారు, నా ప్రశ్న పూర్తి కాకుండానే.

నాలుగేళ్ళ కింద ఆయన భార్య తులసమ్మ రెండు వానాకాలాల పాటు వంతెన మీద కనపడలేదు. పుట్టింటికి వెళ్ళిందన్నారు. ఆమె పుట్టిల్లు నీళ్ళలో కలిసి ముప్ఫై ఏళ్ళు దాటింది. రక్తం పడే దగ్గు ఉన్నవాళ్ళని ఊళ్ళో ఉంచకూడదు, మెట్టకి పంపాలి. ఆ నియమం చదివి వినిపించేది బావగారే. ఈ ఇరవయ్యేళ్ళలో ముగ్గుర్ని అలా పడవెక్కించారు.

తులసమ్మ టీ తెచ్చి ఇచ్చింది. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషి. నా కళ్ళలోకి చూడలేదు. బావగారూ, తులసమ్మక్క ఆ రెండేళ్ళూ ఎక్కడుంది? అంతే అడగాలి. నోటిదాకా వచ్చింది. ఆయన ఇంట్లో, ఆయన ఎదురుగా కూర్చుని, ఆమె ఇచ్చిన టీ తాగుతూ, మీరు అబద్ధం చెబుతున్నారని ఏ మొహం పెట్టుకుని అనను?

సున్నా రాసుకుని లేచాను.

కార్తీక బహుళ దశమి

తుఫాను అయింది. ఇటే వస్తోందని రేడియో చెబుతోంది. అమావాస్య పోటు మీద వస్తే అల పదహారడుగులు దాటొచ్చట.

నేను వదిలిన ఐదిటికీ లెక్క నా దగ్గరుంది. ఎవరూ సరిగా చెప్పని రెండిళ్ళని లాగాను. నిన్నా ఇవాళా వరాలు ఇంటిని. దానికెంత వదిలానో నాకు తెలుసు, మళ్ళీ లాగనక్కర్లేదు. కానీ సొంత చెల్లెలి ఇంటిని వదిలేసి ఊరందరి గుట్టూ అడుగుతున్నానని ఎవరైనా అంటారేమోనని లాగాను. నాలుగున్నర.

వరాలు గుమ్మంలో పిల్లనెత్తుకుని నిలబడి గొలుసు వంకే చూస్తోంది.

"ఎంత?"

"నాలుగున్నర."

"వేసంగిలో మూడన్నావు."

"వేసంగిలో అబద్ధం రాశాను."

"ఇప్పుడు మటుకు ఎందుకే నిజం? ఊళ్ళో నీకు నా ఇల్లే దొరికిందా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జలజ వచ్చి, "ఊరుకోమ్మా, పెద్దమ్మ మన మంచికే గదా" అంది. వరాలు ఊరుకోలేదు. చిన్నప్పుడు నేను దాని గాజులు పగలగొట్టిన సంగతి దాకా వెళ్ళింది. తిట్టనిచ్చాను. తిట్టి తిట్టి, చివరికి అన్నం తినిపోవే అంది.

కార్తీక బహుళ ద్వాదశి

అన్నీ కలిపి పెట్టెలో వేశాను. పందొమ్మిదో కాళ్ళ కొలతా వేశాను. మొన్నటి వాయుగుండానికి ఎంత ఒరగాలని అడిగితే, ఈసారి సగటున మూడుంపావు అంది. అంటే ఇప్పుడు దానికి అసలు ఇసక తెలిసింది. పదిహేను రోజుల్లో మొదటిసారి ఊపిరి తీసుకున్నాను. తర్వాత రాబోయే తుఫాను సంగతి అడిగాను.

ఏడు ఇళ్ళు పోతాయి, పదకొండు నిలుస్తాయి. పోయేవాటిలో వరాలుదీ ఉంది, నాదీ ఉంది. నిలిచేవాటిలో అన్నిటికంటే గట్టిది పన్నెండు.

పెట్టె లెక్కలో పదకొండో ఇంటి కింద ఇసక వదులు, పన్నెండో ఇంటి కింద ఉక్కులాంటిది. మధ్య దూరం ముప్ఫై అడుగులు. ముప్ఫై అడుగుల్లో ఇసక అంత మారదు. అది ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

మెట్టకి పోదామంటే దారి లేదు. నిన్నటి నుంచే పెద్ద అలలు లేచి మొగ మూసేశాయి. ఏరు సముద్రంలో కలిసే ఆ ఇరుకు దాటితేనే మెట్ట. ఇప్పుడు అక్కడికి పోయే పడవ తిరగబడుతుంది. కాబట్టి ఏడు ఇళ్ళవాళ్ళనీ పదకొండు ఇళ్ళలో సర్దాలి. మధ్యాహ్నం గంట కొట్టి అందర్నీ పిలిచి పేర్లు చదివాను.

వరాలు పేరు రాగానే బావగారు లేచి నిలబడ్డారు. "పసిబిడ్డతో ఉన్నోళ్ళు మా ఇంటికే రావాలి. ఊరికోసం ఇంత చేసిన మడిసి చెల్లెలు. పెట్టె కూడా మాదే గట్టిల్లంటంది గదా" అన్నారు. జనం మెచ్చుకున్నారు. వరాలు మొహం వెలిగిపోయింది. నా వంక గొప్పగా చూసింది.

అందరి ముందూ వద్దని ఎలా అంటాను? ఎందుకొద్దంటే ఏం చెప్పను? తులసమ్మ పక్కనే ఉంది. సాయంత్రం విడిగా వెళ్ళి ఆయన్ని అడుగుదామనుకున్నాను. సాయంత్రం వంతెనల తాళ్ళు బిగించే పనిలో పడ్డాను. ఇది సాకు. తాళ్ళు బిగించడానికి నేనే ఉండనక్కర్లేదు. పెట్టె చెప్పింది గదా, అంతటి మనిషి ఇలాంటి వేళ అబద్ధమాడతాడా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

కార్తీక బహుళ చతుర్దశి

పదిహేనో ఇంట్లో ఉన్నాను. సామ్రాజ్యమ్మ ఇంట్లో పదిమందిమి. కిటికీ సందులోంచి మధ్య వరస మొత్తం కనిపిస్తుంది.

ఉదయం. గాలి తూర్పు నుంచి. అల తొమ్మిదడుగులు. ఇళ్ళన్నీ మూలుగుతున్నాయి.

పది గంటలు. ఒకటో ఇల్లూ రెండో ఇల్లూ పోయాయి. రెండూ పెట్టె చెప్పినవే. లోపల ఎవరూ లేరు.

మధ్యాహ్నం. ఏడో ఇల్లు. వరాలు ఇల్లు ముందుకి మోకరిల్లినట్టు వంగి, పూర్తిగా వెళ్ళిపోయింది. లోపల ఎవరూ లేరు, ఎవరూ లేరు అని పైకే అనుకున్నాను. సామ్రాజ్యమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది. తర్వాత నాలుగు, తొమ్మిది. తొమ్మిది నాది.

మూడు గంటలు. అల పద్నాలుగడుగులు. పన్నెండో ఇల్లు ఒరుగుతోంది. పదకొండు కంటే ఎక్కువగా ఒరుగుతోంది. గట్టి ఇసకైతే ఇలా ఒరగదు. తలుపు తీసుకుని పోబోతే ఇద్దరు నన్ను పట్టుకున్నారు. వదలండ్రా అని అరిచాను. వాళ్ళు వదల్లేదు.

మార్గశిర శుద్ధ విదియ

ఏడు పోతాయంది పెట్టె. ఎనిమిది పోయాయి. పదిహేడు ఇళ్ళ విషయంలో అది చెప్పింది చెప్పినట్టే జరిగింది.

పన్నెండో ఇంట్లో పదమూడు మంది ఉన్నారు. ఆరుగురు వంతెన మీదికి దూకారు. ఏడుగురు లేరు. జలజ పిల్లని గుండెలకి కట్టుకుని దూకింది. వరాలు కూడా గుమ్మం దాకా వచ్చిందట. తులసమ్మ ఆయాసంతో నడవలేక మధ్యలో కూర్చుండిపోతే, పద అక్కా, పద అంటూ లేపడానికి వెనక్కి వెళ్ళిందట. జలజ చూసింది అంతవరకే.

వరాలు నిన్న దొరికింది. తులసమ్మ ఇంకా దొరకలేదు.

ఇవాళ పాటు వేళ పన్నెండో ఇంటి దగ్గరికి వెళ్ళాను. ఆరు కాళ్ళూ ఇసకలోనే ఉన్నాయి, ఒక పక్కకి పడుకుని. విరిగిపోలేదు. ఇసక పట్టుకోలేదు, అంతే. బావగారు తెగిన వంతెన చివర కూర్చుని ఉన్నారు. తుఫాను రోజు ఆయన పడవల తాళ్ళు చూడటానికి వెళ్ళారు, అందుకని మిగిలారు.

"రెండు" అన్నారు నన్ను చూసి. "రెండంగుళాలు. మంచానికి. వీరాసామిని నేనే బతిమాలాను."

నేను ఆయన దగ్గరికి వెళ్ళాను.

"నీకు తెలుసు గదా నాంచారమ్మా."

"తెలుసు."

"మరెందుకు అడగలా? నువ్వొక్క మాట గట్టిగా అడిగుంటే నేను చెప్పేవోణ్ణి." ఆయన గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుంది. మీరెందుకు చెప్పలేదని నేను అడగొచ్చు. ఇప్పుడు కూడా అడగలేకపోయాను. ఆయన పక్కన కాసేపు కూర్చుని వచ్చేశాను.

రేకు గది నిలిచింది. పన్నెండో ఇంటికి రెండు కలిపి పెట్టెని మళ్ళీ అడిగాను. ఎనిమిది ఇళ్ళు పోతాయంది. పన్నెండోది అల పద్నాలుగడుగులకి చేరగానే పోతుందంది.

తిరిగొచ్చేసరికి జలజ సామ్రాజ్యమ్మ ఇంటి గుమ్మంలో పిల్లతో కూర్చుని ఉంది. మూడు రోజులుగా దాని కళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

"పెట్టె తప్పు చెప్పిందా పెద్దమ్మా?" అంది.

అవునంటే సరిపోయేది. దాని మనసుకి కాస్త తేలిగ్గా ఉండేది, నాకూ ఉండేది. ఇన్నేళ్ళూ చేసింది అదే.

"లేదు. ఆ ఇంట్లో జబ్బు మనిషి ఉండేదని నాకు తెలుసు. ఆ ఇల్లు నిలవదేమోనని అనుమానమూ ఉంది. ఆయన్ని అడగలేదు. మీ అమ్మని వెళ్ళొద్దనీ చెప్పలేదు."

"ఎందుకని?"

"మొహమాటపడ్డాను."

జలజ నన్ను చాలాసేపు చూసింది. "మొహమాటమా" అంది మెల్లగా, ఎప్పుడూ వినని మాటలాగా. పిల్ల నా వైపు చేతులు చాపింది. జలజ పిల్లని అవతలి భుజం మీదికి మార్చుకుని లేచింది. మొగ తెరుచుకోగానే మొదటి పడవలో మెట్టకి వెళ్ళిపోతానంది.

సరేనన్నాను.